బ్రౌను దొర – తెలుగు బహువచనము

తెలుగు భాషాసేవకులలో చిరస్మరణీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. ఆయన శిక్షణలో హిందూస్తానీ మొదలయిన ప్రాచ్యభాషలు బాల్యముననే పరిచితములయినవి. తెలుగు మాత్రము 1817లో మద్రాసు చేరిన పిమ్మటనే పట్టుబడినది.

1820లో ఉద్యోగరీత్యా కడపకు పోయాడు. అక్కడ పండితులు నేర్పే తెలుగు ఒకటి, రైతులు, కచేరీ గుమాస్తాలు పలికే తెలుగు మరొకటి. ఈ రెండవ దానిని ఆయన తృణీకరించలేదు. అదే ఆయన గొప్పతనమని నా అభిప్రాయము. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. తరువాత ఉద్యోగము పోగొట్టుకొని లండనులో ఉన్న కాలములో, ఇండియా హౌసు గ్రంథాలయములో దుమ్ముపట్టిన తెలుగు వ్రాతప్రతులను గుర్తించి మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు.

1840లో వెలువడిన ఆయన వ్యాకరణములో నామవాచకముల వచనభేదము ముఖ్యమయిన విషయము. సంస్కృతమునకు, అరబ్బీకి ద్వివచనము ఉన్నది. తెలుగునకు ఏకవచన బహువచనములు రెండే. 'లు' చేర్చితే చాలుననిపిస్తుంది గాని, నిజానికి అంత సులభము కాదు. గుర్రము గుర్రాలవుతుంది, చేయి చేతులవుతుంది. ఇల్లు మన జహీరాబాదులో ఇండ్లు, కోస్తాలో ఇళ్ళు. పాలు, నీళ్ళు ఎంత కొంచెమయినా బహువచనమే! పరాయివాడు కనుకనే కాబోలు, మనము గమనించక పలికే ఈ మార్పులను బ్రౌను శ్రద్ధగా వివరించాడు.

1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువు మన కళాశాల వంటి ఉర్దూ తెలుగుల కూడలిలో ప్రత్యేకముగా చూడదగినది. కచేరీలలో వాడుకపడిన అరబ్బీ, ఫార్సీ, హిందూస్తానీ పదాలకు అది నిలయము. అట్టి పదములను తెలుగు ఎట్లా తనవి చేసికొన్నదో బహువచనమే చెప్పుతుంది. అరబ్బీలో కితాబ్‌కు బహువచనము కుతుబ్, మనకు కితాబులు. వకీలు చివర 'లు' ఉన్నా అది ఏకవచనమే. వాకిలి వాకిళ్ళయినట్లే వకీలు వకీళ్ళయినాడు. నవాబు మాట ఇంకా విచిత్రము. నాయబ్ అనే అరబ్బీ పదానికి అది మూలములో బహువచనము. గౌరవార్థము ఒక్కరికే వాడుక కాగా, దానిమీద మనము మరల 'లు' చేర్చి నవాబులంటున్నాము.

అనారోగ్యము వలన 1855లో బ్రౌను ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరాడు. 1865లో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయినాడు. 1884 డిసెంబరు 12న ఆ నగరములోనే కన్నుమూశాడు. కడపలో ఆయన నివసించిన బంగళా స్థలములో నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రము ఉన్నది.