ఇద్రీస్ లతీఫ్: వాపిటి నుంచి మిగ్ దాకా

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవుపై బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. తీరానికి అసలు కాపలా ఉందా అని అందరికీ అనుమానం వచ్చిన రోజులవి. ఉంది గాని అంతంతమాత్రమే. విశాఖతో సహా ముఖ్యమైన రేవులకు ఒక్కో చిన్న వైమానిక దళాన్ని కేటాయించారు. పాతబడ్డ విమానాలు, నూనూగు మీసాల పైలట్లు. కరాచీ రేవులో అటువంటి దళంలోనే, అరేబియా సముద్రంపై జలాంతర్గాముల కోసం గాలిస్తూ ఒక హైదరాబాదీ యువకుడు కొలువు మొదలుపెట్టాడు. ఆయనే ఇద్రీస్ హసన్ లతీఫ్.

1923 జూన్ 9న హైదరాబాదులో జన్మించిన లతీఫ్ నిజాం కాలేజీలో చదివారు. 18 ఏళ్ల వయసులో, 1941లో వైమానిక దళంలో చేరి, మరుసటి జనవరికల్లా అధికారి అయ్యారు. ఆయన మొదట నడిపిన వాపిటి విమానం గంటకు 200 కిలోమీటర్లు దాటడమే గగనం. తర్వాత ఇంగ్లండు వెళ్లి హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నేర్చుకున్నారు. తిరిగివచ్చి బర్మా రంగంలో పోరాడారు.

అంతలో 1947 వచ్చింది. వైమానిక దళాన్నీ పంచారు. విమానాలు, పనిముట్లు, బల్లలు, కుర్చీలు సరే, కలిసి ఎగిరిన మనుషులను పంచడమెలా? ఎటు వెళతారో తేల్చుకోమని ముస్లిం అధికారులను అడిగారు. తోటివారైన అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వెళుతూ లతీఫ్‌నూ రమ్మన్నారు. ఆయన రానన్నారు. అప్పటికి ఆయన సొంత ఊరు హైదరాబాదు ఇంకా భారతదేశంలో కలవనే లేదు. అది జరిగింది 1948 సెప్టెంబరులో. ఆ మిత్రులిద్దరూ తర్వాత పాక్ వైమానిక దళానికి అధిపతులయ్యారు. 1965 యుద్ధంలో దాన్ని నడిపింది నూర్ ఖానే. లతీఫ్ నిర్ణయాన్ని కొందరు త్యాగమంటారు. నాకది సరిగా తోచదు. తన ఇంట్లో తానుండటం త్యాగమెలా అవుతుంది?

1950లో దేశం గణతంత్రమైనప్పుడు ఢిల్లీ మీదుగా సాగిన తొలి విమాన విన్యాసానికి ముందు నడిచింది ఆయనే. అప్పటికి వయసు 26. తర్వాత వాషింగ్టన్‌లో భారత రాయబార కార్యాలయంలో పనిచేశారు.

1978 సెప్టెంబరు 1న వైమానిక దళాధిపతి అయ్యారు. ఇప్పటివరకూ ఆ పదవి చేపట్టిన ముస్లిం ఆయనొక్కరే. ఏళ్ల తరబడి నానుతున్న జాగ్వార్ విమానాల కొనుగోలును పట్టుబట్టి సాధించారు. 1979లో అవి అంబాలాలో దిగాయి. అధిపతి అయినా ఆయనకు కాగితాల మీద సంతకాలతో తృప్తి లేదు. 1981 ఆగస్టులో పదవీ విరమణకు ముందు, ధ్వని వేగానికి రెండున్నర రెట్లు దాటే మిగ్-25లో కూడా ఎగిరారు. అప్పుడాయన 58 ఏళ్లవారు!

ఆపైన మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేశారు. భార్య బిల్కీస్ రచయిత్రి, అలీ యావర్ జంగ్ కుమార్తె. బొంబాయి రాజ్‌భవన్‌లో ఉంటూనే ధారావి మురికివాడ స్త్రీల కోసం పాటుపడ్డారామె. 2009లో పద్మశ్రీ అందుకుని, 2017లో కన్నుమూశారు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 30న, 94వ ఏట, లతీఫ్ హైదరాబాదులోనే మరణించారు. ఆయన తెప్పించిన జాగ్వార్లు ఆనాటికి ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.