ఎండల సీమలో మంచు జాడ - థామస్ ఓల్డ్‌హామ్ జీవితం

మన దేశంలో బొగ్గు ఎక్కడుందో వెతకటానికి వచ్చిన ఒక మనిషి, ఇక్కడ ఒకప్పుడు మంచు పేరుకొని ఉండేదనటానికి సాక్ష్యం చూసి వెళ్ళాడు. ఆయనే థామస్ ఓల్డ్‌హామ్. సైన్సు చదివే మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఓల్డ్‌హామ్ 1816 మే 4న ఐర్లండులోని డబ్లిన్‌లో పుట్టాడు. ఎడింబరోలో ఇంజనీరింగు నేర్చుకుంటూ భూగర్భశాస్త్రం మీద మనసుపడ్డాడు. తర్వాత డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. ఉత్తర యూరపును పూర్వం మంచు కప్పిందని అగాసీ అనే శాస్త్రజ్ఞుడు 1840 ప్రాంతంలో చాటుతున్న రోజులవి. మంచు గీకిన బండలు ఐర్లండులో కావలసినన్ని ఉన్నాయి.

1851లో ఓల్డ్‌హామ్ కలకత్తా వచ్చి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొదటి సూపరింటెండెంటు అయ్యాడు. కంపెనీ సర్కారుకు కావలసింది బొగ్గు. ఆయన మాత్రం దేశమంతటి రాళ్ళ వరస తెలియాలని పట్టుబట్టి పాతికేళ్ళు పనిచేయించాడు.

1856లో ఆయన కింద పనిచేసే బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ ఒరిస్సాలోని తాల్చేరులో ఒక వింత చూశారు. బొగ్గు పొరల కింద, సన్నని మట్టిరాతిలో పెద్దపెద్ద గుండ్లు ఇరుక్కొని ఉన్నాయి. నది అయితే గుండ్లను ఒకచోట, ఇసుకను ఒకచోట, ఒండును మరోచోట వేస్తుంది. అన్నిటినీ కలిపి మోసేది మంచేనని వాళ్ళు రాశారు. ఇంత ఎండల దేశంలో మంచా? ఇంకా గట్టి సాక్ష్యం కావలసి వచ్చింది.

అది 1872లో మన పక్కనే దొరికింది. చాందాకు, అంటే నేటి చంద్రపూర్‌కు, 10 మైళ్ళ దూరాన పెన్‌గంగ ఒడ్డున ఇరాయి అనే ఊరుంది. ఆదిలాబాద్ సరిహద్దున పారే పెన్‌గంగ అది. మన కందకుర్తి దాటిపోయిన గోదావరిలోనే కాళేశ్వరం దగ్గర ఆ నీళ్ళు ప్రాణహితగా కలుస్తాయి. ఇరాయి దగ్గర ఆ గుండ్ల పొర కింది సున్నపురాతి బండ నున్నగా మెరుస్తూ, పొడుగునా సమానమైన గీతలతో ఓల్డ్‌హామ్‌కూ ఆయన సహాయకుడు ఫెడెన్‌కూ కనిపించింది. పైనున్న గుండ్లకు కూడా గీతలున్నాయి.

దుక్కిలో నాగటి కర్రు రాతికి తగిలితే గీత పడుతుంది గదా. మంచు కూడా అంతే. అడుగున రాళ్ళను బిగించి పట్టుకొని, పైబరువుతో ఈడ్చుకుపోతుంది. అందుకే గీతలన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి. నీళ్ళు రాతిని అరగదీస్తాయిగాని అట్లా బారుగా గీయవు. నేల పగిలి జరిగినా గీతలు పడతాయి, కాని అవి పగులు వెంబడి రాతి లోపలికి పోతాయి. ఇరాయి గీతలు గుండ్ల పొర కిందనే, బండ పైముఖం మీదనే ఉన్నాయి.

అట్లాగని మన నిజామాబాద్ గుట్టల మీది గుండ్లన్నీ మంచు తెచ్చిందే అనుకోవద్దు. అవి ఎండకూ వానకూ అక్కడికక్కడే అరిగిన గ్రానైటు రాళ్ళు. గుండు కనిపించగానే సరిపోదు. దాని కింద ఏముందో, చుట్టూ ఏముందో చూడాలి.

ఫెడెన్ ఈ సంగతి 1875లో అచ్చువేశాడు. ఓల్డ్‌హామ్ 1876లో ఉద్యోగం విరమించి, 1878 జూలై 17న ఇంగ్లండులోని రగ్బీలో చనిపోయాడు. భూగర్భంలో కేంద్రకం ఉందని భూకంప తరంగాల ద్వారా 1906లో చూపిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ ఆయన కొడుకే. దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కూడా ఇలాంటి మంచు జాడలే దొరికాయి. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని వేగెనర్ చెప్పినప్పుడు ఇవే ఆయనకు పెద్ద ఆధారమయ్యాయి. సుమారు 30 కోట్ల ఏండ్ల కింద మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేదని ఇప్పుడు మనకు తెలుసు. ఓల్డ్‌హామ్‌కు అది తెలియదు. ఎందుకు జరిగిందో తెలియకున్నా, కంటికి కనపడ్డదాన్ని కాదనకుండా లెక్కలో రాసిపెట్టటమే ఆయన గొప్పతనం.

రాళ్ళు చదివితే ఏమొస్తదని మా బాపు అడుగుతడు. బోధన్ వైపు చెరుకు తగ్గి, ఇల్లు గడవటమే కష్టమైన రైతు అడగవలసిన ప్రశ్నే అది. నా జవాబు ఒక్కటే. కాలికింది నేలను సరిగ్గా చదివినవాడికే బొగ్గూ నీళ్ళూ దొరుకుతాయి. మంచు జాడ వాటితోపాటు దొరికిన జ్ఞానం.

వచ్చే ఏడు మన యూనియన్ ఎక్స్‌కర్షన్ పెన్‌గంగ దిక్కు పెట్టాలని మనవి. వచ్చేవాళ్ళు సుత్తెలు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి. అలాంటి బండ మీద ఒక్క దెబ్బ పడినా సాక్ష్యం చెడిపోతుంది.