వేణువు నుండి మగ్గమునకు

ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమందు 1709లో, చేతి తొడుగులు కుట్టువారి ఇంట, జాక్ ద వోకాన్సన్ జన్మించెను. 1738లో ఇతడు పారిసులో ప్రదర్శించిన కొయ్యబొమ్మ చూపరులను ఆశ్చర్యచకితులను గావించెను. మనిషి యెత్తున్న ఆ బొమ్మ, తిత్తుల గాలిని నోట విడచుచు, పెదవులను, నాలుకను, వ్రేళ్ళను కదల్చి పిల్లనగ్రోవిపై 12 పాటలు పలికించెడిది. లోపల తిరుగు పీపాపై ఉబ్బెత్తు మొనలుండెను. అవి తగిలిన వరుసలో మీటలు లేచి స్వరములు పుట్టెడివి.

రాజప్రభుత్వము 1741లో ఇతనిని పట్టు పరిశ్రమకు తనిఖీ అధికారిగా నియమించెను. ఇతడు ప్రోత్సహించిన నిబంధనలు తమను వర్తకులకు కూలివాండ్రను చేయునని 1744లో లియాన్ నేతగాండ్రు తిరుగబడిరి. ఇతడు నగరము విడచి పారిపోయెను. అయినను ప్రయత్నము మానలేదు. పాటను నడపిన పీపాయే రంధ్రములు దాల్చి, ఇతని మగ్గమున పడుగు పోగులను ఎంచి పైకెత్తెను. నేతగాండ్రు మాత్రము దానిని స్వీకరింపలేదు.

1782లో వోకాన్సన్ మరణించెను. ఆ మగ్గమును పరిశీలించిన జకార్డ్, 1804 ప్రాంతమున రంధ్రముల అట్టలతో ఆ ఊహను సఫలము గావించెను. ధర్మవరమున పట్టుచీరలపై పూవులు తీర్చు జకార్డు సాధనము దాని సంతతియే. పండితసభ మెచ్చిన బొమ్మ నశించినది. కష్టజీవులు నిరాకరించిన ఊహ నిలిచినది. యంత్రము కల్పించినవాని ప్రజ్ఞతోపాటు, పనిచేయు చేతుల భయమును గూడ చరిత్ర లెక్కింపవలసియున్నది.