జీతం లేని ప్రొఫెసర్

శక్తి పుట్టదు, నశించదు అని ఇంటర్ నుంచీ రాస్తూనే ఉన్నాం. అసలు ఎందుకలా? భౌతిక సూత్రాలు నిన్నా ఇవాళా ఒకేలా ఉంటాయి కాబట్టి. ఆ రెండింటికీ ఉన్న లింకును గణితంతో నిరూపించినావిడ పేరు ఎమ్మీ నోథర్. ఆవిడ గురించి చదువుతుంటే సిద్ధాంతం కన్నా ఆవిడ చేసిన ఉద్యోగమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

నోథర్ 1882లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. నాన్నగారు అక్కడి యూనివర్సిటీలోనే లెక్కల ప్రొఫెసర్. అయినా ఆడపిల్ల కాబట్టి ఈవిడకి మొదట్లో అడ్మిషన్ ఇవ్వలేదు. ప్రొఫెసర్ల పర్మిషన్ తీసుకుని క్లాసులో కూర్చుని వినాలంతే. అప్పుడు మొత్తం 986 మంది విద్యార్థుల్లో అమ్మాయిలు ఇద్దరే. తర్వాత రూల్ మారింది. 1907లో డాక్టరేట్ వచ్చింది. ఆ పైన ఏడేళ్ళు అక్కడే పని చేశారు, ఒక్క మార్కు జీతం లేకుండా. నాన్నగారికి ఒంట్లో బాగాలేనప్పుడు ఆయన క్లాసులూ ఈవిడే చెప్పేవారు.

1915లో హిల్బర్ట్, క్లైన్ ఆవిడని గాటింగెన్‌కి పిలిపించారు. ఐన్‌స్టీన్ కొత్త సిద్ధాంతంలో శక్తి లెక్క ఎలా కుదురుతుందో వాళ్ళకి అంతుపట్టలేదు. అది తేల్చే దారి ఈవిడ చూపించారు. 1918లో ఆ సిద్ధాంతం అచ్చయింది. కానీ ఆడమనిషికి లెక్చరర్ పదవా అని అక్కడి పెద్దలు కొందరు అడ్డం తిరిగారు. దాంతో నోటీసు బోర్డు మీద హిల్బర్ట్ పేరు, పాఠం చెప్పేది నోథర్! సొంత పేరుతో చెప్పే హక్కు 1919లో వచ్చింది. 1922లో ప్రొఫెసర్ అనే బిరుదు ఇచ్చారు, జీతం ఇవ్వలేదు. మరుసటేడు ఆల్జీబ్రా చెప్పినందుకు కొద్దిపాటి డబ్బు మొదలైంది.

ఇన్ని జరిగితే మనిషి చేదెక్కిపోవాలి కదా. ఆవిడ ఎక్కలేదు. పాఠం గబగబా చెప్పేవారు, బోర్డు ముందే కొత్త ఆలోచనలు చేసేవారు. కొత్తవాళ్ళకి తల తిరిగేది. ఆ వేగం అందుకున్నవాళ్ళు మాత్రం వదిలేవాళ్ళు కాదు. వాళ్ళకి నోథర్ బాయ్స్ అని పేరే పడింది. ఓసారి సెలవని బిల్డింగ్ మూసేస్తే, అందర్నీ అడవి దారిలో నడిపించుకుపోయి కాఫీ హోటల్లో పాఠం చెప్పారు. వాన్ డెర్ వార్డెన్ రాసిన ప్రసిద్ధ ఆల్జీబ్రా పుస్తకంలో చాలా భాగం ఆవిడ పాఠాల నుంచి వచ్చిందే.

1933లో నాజీలు అధికారంలోకి రాగానే, యూదురాలని ఆ కాస్త ఉద్యోగమూ తీసేశారు. విద్యార్థుల్ని ఇంటికి పిలిచి పాఠం కొనసాగించారు. నాజీ దళం యూనిఫామ్‌లో వచ్చిన కుర్రాడిని కూడా పొమ్మనలేదు. ఆ ఏడాదే అమెరికాలోని బ్రిన్ మార్ కాలేజీకి వెళ్ళారు. 1935లో ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే, 53 ఏళ్ళ వయసులో పోయారు.

టీచింగ్‌కి వెళ్తానంటే ప్యాకేజీ ఎంత అని అడుగుతారు నన్ను. నోథర్ కథ చెప్తే, చూశావా, ఇష్టం ఉంటే జీతంతో పనేముంది అంటారు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లోవాళ్ళ డబ్బుతో నెట్టుకొచ్చారు కాబట్టి ఆవిడ నిలబడగలిగారు. ఆ ఆసరా లేక లెక్కలు వదిలేసిన వాళ్ళ పేర్లు మనకి తెలీవు. ఆ సంతోషం ఆవిడ తన విద్యార్థుల దగ్గర సంపాదించుకున్నది. యూనివర్సిటీ ఇచ్చింది కాదు, కాబట్టి దాన్ని జీతం కింద జమ కట్టుకునే హక్కు యూనివర్సిటీకి లేదు.

నేను టీచింగ్‌కే వెళ్తాను. ఆ కాఫీ హోటల్ క్లాసు లాంటిది ఒక్కటైనా చెప్పాలని ఉంది. జీతం కూడా గట్టిగానే అడుగుతాను.