రాబర్ట్ గొడ్డార్డ్

రాబర్ట్ హచింగ్స్ గొడ్డార్డ్ (అక్టోబరు 5, 1882 - ఆగష్టు 10, 1945) అమెరికా దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త. ద్రవ ఇంధనంతో పనిచేసే రాకెట్టును ప్రపంచంలో మొట్టమొదటిసారిగా ఎగురవేసినవాడు. రాకెట్టు పైకి లేవడం ఒక ఎత్తు, అది వంకరపోకుండా తిన్నగా సాగడం మరొక ఎత్తు. ఈ రెండవ సమస్యతోనే గొడ్డార్డ్ ఎక్కువ కాలం పెనుగులాడాడు.

బాల్యము, విద్య

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో జన్మించాడు. 1899 అక్టోబరు 19న ఎండుకొమ్మలు నరకడానికి చెర్రీ చెట్టెక్కిన ఆ పదిహేడేళ్ళ కుర్రవాడికి అంగారక గ్రహం చేరగల యంత్రాన్ని గురించిన ఊహ కలిగింది. ఆ తేదీని జీవితాంతం పండుగలా గుర్తుంచుకున్నాడు. 1911లో క్లార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1913లో క్షయవ్యాధి సోకి మరణం అంచులదాకా వెళ్ళి కోలుకున్నాడు. 1914లో బహుళ దశల రాకెట్టుకు, ద్రవ ఇంధన రాకెట్టుకు పేటెంట్లు సంపాదించాడు.

అపహాస్యము

గాలి లేనిచోట కూడా రాకెట్టు తోపుడు శక్తినిస్తుందని 1915లో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. అయినప్పటికీ, చంద్రుని వరకు రాకెట్టు పంపవచ్చునని ఆయన వ్రాసిన విషయం 1920 జనవరిలో బయటకు రాగా న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయంలో ఎగతాళి చేసింది. శూన్యంలో తన్నుకోవడానికి గాలి ఉండదు కదా అన్నది దాని వాదన. న్యూటన్ మూడవ నియమం చదివిన ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం ఇందులోని పొరపాటును పట్టగలడు. గొడ్డార్డ్ మాత్రం నొచ్చుకొని, అటుపై తన పనిని గోప్యంగా ఉంచసాగాడు.

మొదటి ఎగురుడు, దిశా సమస్య

1926 మార్చి 16న ఆబర్న్‌లోని పొలంలో పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచిన రాకెట్టు రెండున్నర సెకన్ల పాటు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు చేరి, 184 అడుగుల దూరంలో పడింది. దానికి రెక్కలు లేవు. ఇంజను పైన, ఇంధనపు తొట్లు క్రింద అమర్చాడు. పైనుండి లాగితే క్రింది బరువు లోలకం వలె వ్రేలాడి తిన్నగా ఉంటుందని తలచాడు. కాని రాకెట్టు ఒరిగినప్పుడు తోపుడు దిశ కూడా దానితోపాటే ఒరుగుతుంది కనుక సరిదిద్దే బలమేదీ పుట్టదు. అందువలన తరువాతి నమూనాలలో ఇంజనును అడుగుకు మార్చాడు.

బాణానికి ఈకల వలె రాకెట్టు తోకకు రెక్కలుంటే గాలి పీడన కేంద్రం గరిమనాభికి వెనుకకు జరిగి, ఒరిగిన రాకెట్టును గాలియే తిరిగి సరిచేస్తుంది. అయితే రెక్కల బరువు పెరిగితే గరిమనాభి కూడా వెనుకకు జారుతుంది. పలుచనైతే వేగానికి అదిరి విరుగుతాయి. నేడు పెద్ద రాకెట్లను సరదాకు నిర్మించేవారు గొట్టానికి చీలికలు చేసి, రెక్కల మొదళ్ళను లోపలి మోటారు గొట్టానికి అతికించేది ఈ బెడద తప్పించుకోవడానికే.

ఇంకొక చిక్కు ఉంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు స్థిరమైన రెక్కలు పనిచేయవు. 1930లో గుగ్గెన్‌హైమ్ కుటుంబపు ధనసహాయంతో న్యూ మెక్సికోలోని రాస్వెల్‌కు మకాం మార్చిన గొడ్డార్డ్, జైరోస్కోపు ఆదేశంతో కదిలే చిన్న పలకలను ఇంజను నుండి వెలువడే మంటలో ఉంచాడు. 1932 ఏప్రిల్ 19న ఇటువంటి రాకెట్టు 135 అడుగులే లేచింది. క్రింద పడ్డాక తాకి చూస్తే, మంటలోకి జరగవలసిన పలకలు మిగతావాటికంటె వేడిగా ఉన్నాయి. విధానం పనిచేసినట్లు ఆయనకు ఆ వేడిమియే సాక్ష్యం. 1935 మార్చి 28న జైరోస్కోపు గల మరొక రాకెట్టు 4,800 అడుగుల ఎత్తుకు చేరి, 13,000 అడుగుల దూరం ప్రయాణించింది.

మరణము, తదనంతరము

గొంతు క్యాన్సరుతో బాల్టిమోర్‌లో మరణించాడు. ఆయన పేరిట ఉన్న 214 పేటెంట్లలో 131 మరణానంతరం భార్య ఎస్తర్ కృషి వలన లభించినవే. 1959లో నాసా తన అంతరిక్ష కేంద్రానికి ఆయన పేరు పెట్టింది. పేటెంట్లను వాడుకున్నందుకు 1960లో అమెరికా ప్రభుత్వం పది లక్షల డాలర్లు చెల్లించింది. మానవుడు చంద్రుని వైపు బయలుదేరిన మరునాడు, అనగా 1969 జూలై 17న, న్యూయార్క్ టైమ్స్ తన పాత సంపాదకీయానికి సవరణ ప్రకటించింది.