బాక్సింగ్‌కు గడియారం పెట్టిన కేంబ్రిడ్జ్ విద్యార్థి



పోయిన పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మగారు మార్కుల సంగతి పక్కన పెట్టి వేరే విషయం అడిగారు. ఎనిమిదో తరగతి చదివే వాళ్ళబ్బాయి బాక్సింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడట. చదువుకునే పిల్లలు ఆడే ఆటేనా అది అని ఆవిడ భయం. నేను ఇంగ్లిష్ టీచర్‌ని, ఆటల గురించి నాకు తెలిసింది తక్కువ. అప్పటికి ఏదో సర్దిచెప్పాను గానీ, ఇంటికెళ్ళాక చదవడం మొదలుపెట్టాను. అలా ఎదురైన మనిషి జాన్ గ్రేహమ్ ఛాంబర్స్.

ఆయన 1843లో వేల్స్‌లోని లనెల్లిలో పుట్టారు. ఈటన్ స్కూల్లో, ఆ తర్వాత కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలోని ట్రినిటీ కాలేజీలో చదివారు. అక్కడ ఆయనకు పిచ్చి పడవ పందేలంటే. 1862లో, 1863లో ఆక్స్‌ఫర్డ్ మీద కేంబ్రిడ్జ్ తరఫున పడవ నడిపారు. రెండుసార్లూ ఓడిపోయారు. చదువయ్యాక కూడా ఆటల్ని వదల్లేదు. 1866లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చదివిన మిత్రులతో కలిసి లండన్‌లో అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్ పెట్టారు. డబ్బు కోసం కాకుండా ఆట కోసమే ఆడేవాళ్ళకు ఒక వేదిక ఉండాలన్నది దాని ఉద్దేశం.

అప్పట్లో బాక్సింగ్ ఎలా ఉండేదో తెలిస్తే మీరూ మీ పిల్లల్ని పంపరు. ఉత్త పిడికిళ్ళతో కొట్టుకునేవారు. రౌండ్‌కు టైమంటూ లేదు, ఎవరో ఒకరు కింద పడితేనే రౌండ్ అయిపోయినట్టు. ప్రత్యర్థిని పట్టుకుని కింద పడెయ్యడం కూడా ఆటలో భాగమే. 1860లో సేయర్స్, హీనన్ అనే ఇద్దరు రెండు గంటలకు పైగా తలపడ్డారు. చివరికి పోలీసులు, జనం గోల మధ్య అది ఎటూ తేలకుండా ఆగిపోయింది. అప్పటికి ఛాంబర్స్‌కు 17 ఏళ్ళు.

విద్యావంతులు ఆడదగ్గ ఆటగా దీన్ని మార్చాలంటే ముందు హద్దులు గీయాలని ఆయన అనుకున్నట్టుంది. రాసిన నియమాలు 12 మాత్రమే, 1867లో అచ్చయ్యాయి. మూడు నిమిషాల రౌండ్, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. కుస్తీ పట్లు కుదరవు. కింద పడినవాడు ఎవరి సాయమూ లేకుండా పది సెకన్లలో లేవాలి, అంతవరకూ రెండోవాడు తన మూలకు వెళ్ళి నిలబడాలి. ఒక మోకాలు నేలకు ఆనినా పడినట్టే లెక్క, అప్పుడు కొట్టకూడదు. గ్లోవ్స్ తప్పనిసరి, అవి నాణ్యమైనవీ కొత్తవీ అయి ఉండాలి, మధ్యలో చిరిగితే మార్చాలి. కొత్తవి అని విడిగా రాయడం చూసి నాకు ముచ్చటేసింది. పాతబడి గట్టిపడిన గ్లోవ్ ఏం చేస్తుందో ఆయన చూసే ఉంటారు.

అదే ఏడాది క్లబ్ మూడు బరువు విభాగాల్లో అమెచ్యూర్ బాక్సింగ్ పోటీలు పెట్టింది. కప్పులు ఇచ్చింది క్వీన్స్‌బెర్రీ ప్రభువు, ఆయనా కేంబ్రిడ్జ్‌లో చదివినవాడే. పెద్దమనిషి పేరుంటే జనం వింటారు కాబట్టి నియమాలకు కూడా ఆయన పేరే పెట్టారు. నేటికీ అవి క్వీన్స్‌బెర్రీ నియమాలే. రాసినాయన పేరు పక్కకు పోయింది.

ఛాంబర్స్‌ను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ క్లబ్ తొలి రోజుల్లో కూలీలను, చేతిపనివాళ్ళను అమెచ్యూర్లుగా ఒప్పుకోలేదు. అంటే ఫీజు కట్టగలిగిన కుటుంబాల పిల్లలకే ఆ భద్రత. ఫీజు కట్టే పేరెంట్స్ చదివే పత్రికలో ఈ మాట రాయకుండా దాటేస్తే బాగుండదనిపించింది.

ఆయన 1883లో 40 ఏళ్ళకే చనిపోయారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ బాక్సింగ్ జట్ల మధ్య పోటీలు మొదలైంది 1897లో, అది చూసే అవకాశం ఆయనకు లేకపోయింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ చాంపియన్ అయింది కూడా ఆ మూడు నిమిషాల రౌండ్లతోనే.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మగారికి చెప్పాను. నియమాలున్నా ప్రమాదం పూర్తిగా పోలేదు. 1960లో అమెరికాలో యూనివర్సిటీల చాంపియన్‌షిప్‌లో దెబ్బ తగిలి ఒక విద్యార్థి చనిపోయాడు. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంఘం బాక్సింగ్ పోటీల్నే ఆపేసింది. గ్లోవ్ చేతి ఎముకల్ని కాపాడినంతగా తలను కాపాడదు. అందుకే కోచింగ్‌లో చేర్చే ముందు తలకు దెబ్బ తగిలితే ఎన్నాళ్ళు ఆటకు దూరంగా ఉంచుతారు, ఒకే బరువున్న పిల్లల్నే జతచేస్తారా, పోటీలప్పుడు డాక్టర్ ఉంటారా అని అడగమన్నాను.

ఆవిడ వెళ్ళి అడిగారట. మొదటి చోట సరైన జవాబు రాలేదని రెండో చోటికి వెళ్ళారు. అబ్బాయి ఇప్పుడు అక్కడ స్కిప్పింగ్ చేస్తున్నాడు, గ్లోవ్స్ ఇంకా ఇవ్వలేదని అలిగాడట.