విప్పి చూసిన మనిషి జి.డి. నాయుడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో తెలుగు రైతు కుటుంబంలో జన్మించారు. బడి చదువు ఎక్కువ సాగలేదు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిల్ చూసి ముచ్చటపడ్డారు. హోటల్లో సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిల్ కొన్నారు. దాని భాగాలన్నీ విప్పి, మళ్లీ బిగించి మెకానిక్ అయ్యారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక్క బస్సు నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగింది.

మెకానికల్ చదివిన మేము ఆయన దగ్గర నేర్చుకున్నది విప్పి చూడటమే. గేర్‌బాక్స్ మోత పెడితే మొత్తం మార్చనక్కరలేదు. ఒక్క గేరులోనే మోత వస్తే ఆ గేరు పళ్లు అరిగి ఉండవచ్చు. న్యూట్రల్‌లో మోగి, క్లచ్ తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును అనుమానించాలి. వేగంతోపాటు అదురు పెరిగితే చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్ చూడాలి. మన అనకాపల్లి షెడ్లలో మేస్త్రీలు చెవితో పట్టే ఈ లోపాలనే ల్యాబులో సెన్సారు పెట్టి కొలుస్తారు.

అలాగని నాయుడు గారు చదువు వద్దనలేదు. 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ ఏర్పాటుకు విరాళమిచ్చారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

తమ్ముళ్లారా! మనలో చాలామందిమి ఇంట్లో తొలి పట్టభద్రులం. డిగ్రీ వచ్చిందని స్పానర్ పట్టడం నామోషీ అనుకోవద్దు.